మాదన్న పతనము – మతము, రాజనీతి

గోలకొండ ప్రధానామాత్యుడగు మాదన్న పేరు వినని తెలుగువాడు అరుదు. విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదమున నున్న గుహాలయములు ఆయన కాలమునకు దాదాపు వేయి సంవత్సరములు పూర్వమే తొలువబడినవైనను, జనులు వానిని అక్కన్న మాదన్న గుహలనియే పిలుచుచున్నారు. ఖమ్మము సీమలో కల్లూరు మొదలుకొని భద్రాచలము అడవుల వఱకు గల ప్రాంతము వారికి ఈ పేరు మఱింత చేరువైనది. కల్లూరునకు పడమట నేలకొండపల్లి, ఈశాన్య దిశను పాల్వంచ, భద్రాచలము. మాదన్నకు మేనల్లుడని ప్రసిద్ధి కెక్కిన కంచెర్ల గోపన్న పుట్టినది మొదటి చోట. అధికారము నెఱపినది రెండవ చోట. ఆలయము కట్టించి రామదాసైనది మూడవ చోట. కావున మాదన్న కథ ఈ ప్రాంతమునకు పరాయి కథ కాదు.

1686వ సంవత్సరము మార్చి నెలలో ఈ మాదన్నయు, ఆయన సోదరుడు అక్కన్నయు గోలకొండలో నడివీధిని చంపబడిరి. ఏల చంపబడిరి? ఈ ప్రశ్నకు సాధారణముగా రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. ఆయన హిందువైనందుననే బలియైన ధర్మవీరుడని కొందఱందురు. స్వజన పక్షపాతముచే ముస్లిం ప్రభువర్గమును దూరము చేసికొని, రాజ్యమునకు ముప్పు తెచ్చిన స్వార్థపరుడని మఱికొందఱందురు. ఈ రెండును పరస్పర విరుద్ధములుగ కనబడును. కాని రెండింటికిని పునాది యొక్కటియే. మతభేదమే ఈ పతనమునకు మూలకారణమని ఉభయులును అంగీకరించుచున్నారు. ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది వేఱు. మాదన్న పతనమునకు కారణము ధనము, అధికారము, రాజ్యవిస్తరణేచ్ఛ. మతము ఆ కారణములు ధరించిన వేషము. అట్లని ఆ వేషము నిష్ప్రయోజకమైనది కాదు. ప్రాణము తీయుటకు అవసరమైన బలమును సమకూర్చినది అదియే.

ఈ విచారణకు దూరదేశపు ఉదంతమొకటి దారి చూపగలదు. ఇంగ్లండును ట్యూడరు వంశమువారు ఏలుచుండగా, ఎనిమిదవ హెన్రీ రాజు భార్యయగు ఆన్ బొలీన్ రాణికి 1536 మే 19వ తేదీన లండను కోటలో శిరచ్ఛేదము జరిగెను. ఆమెను వివాహమాడుటకై హెన్రీ తన మొదటి భార్య కాథరిన్‌ను విడనాడి, రోము పోపుతో తెగతెంపులు చేసికొనెను. కాథరిన్, చక్రవర్తి అయిదవ చార్లెసుకు పినతల్లి. అందుచే పాతమతము నభిమానించువారికి ఆన్ రాణి సర్వానర్థములకు మూలముగ తోచెను. సంస్కరణవాదులకు ఆమె తమ యండగ కనబడెను. ఆమె కూలినప్పుడు మతమే కూల్చినదని ఉభయులును తలచుట సహజమే.

అయినను న్యాయస్థానమున ఆమెపై మోపబడిన నేరము వ్యభిచారము, రాజద్రోహము. స్వంత సోదరునితో కూడ అయిదుగురు పురుషులను ఆ నేరమున ఇఱికించిరి. నాటి పరిస్థితులను చూచినచో వేఱు సంగతులు బయటపడును. 1536 జనవరి 7న కాథరిన్ మరణించెను. అదే నెల 29న ఆన్ రాణికి గర్భస్రావమయ్యెను. రాజునకు ధర్మపత్నియందు పుట్టి బ్రదికియున్న మగసంతానము లేదు. ఆయన మనస్సు జేన్ సీమూరుపై నిలిచెను. చక్రవర్తితో మైత్రి కుదుర్చుకొన దలచిన వారికి ఆన్ అడ్డుగ నుండెను. మఠముల నుండి వచ్చు ఆస్తిని ఎట్లు వినియోగింపవలెనను విషయమున మంత్రి థామస్ క్రాంవెల్‌కును ఆమెకును వైరము కలిగెను. ఏప్రిల్ 2న ఆమె దానాధికారి జాన్ స్కిప్ రాజాస్థానమున ఉపదేశము చేయుచు, రాజునకు దుర్బోధ చేయు మంత్రిని బైబులు కథలోని హామానుతో పోల్చెను. సరిగా నెల తిరుగునప్పటికి, మే 2న, ఆమె చెఱలో నుండెను. ఈ కారణములలో దేని బరువెంతయను విషయమున చరిత్రకారులలో భేదాభిప్రాయములు గలవు. కాని ఆమె మరణముతో పాతమతము తిరిగివచ్చునని తలచినవారి యాశ ఫలింపలేదను విషయమున భేదములేదు. చిన్న మఠముల రద్దు ఆ యేటనే ఆరంభమయ్యెను. కాథరిన్ కుమార్తె మేరీ, తండ్రియే మతాధిపతి యనియు, తన తల్లి వివాహము చెల్లదనియు ఆ జూన్ నెలలో సంతకము చేయవలసి వచ్చెను.

ఆన్ రాణియు, మాదన్నయు సమానస్థితి గలవారు కారు. ఆమె రాజు భార్య. ఈయన రాజు మంత్రి. కాని ఇద్దఱును పుట్టుకచే గాక ప్రభువు అనుగ్రహముచే అత్యున్నత స్థానమున కెక్కినవారు. ఇద్దఱి పేరును మతవివాదమునకు గుర్తుగ మాఱినది. ఇద్దఱి కథలోను వెలుపల నొక చక్రవర్తి, లోపల నొక శత్రుకూటము కలరు. ఇట్టి పతనమును పరిశీలించునప్పుడు మూడు ప్రశ్నలు వేయవలసియున్నది. ఈ వ్యక్తి రంగమున లేనప్పుడు అదే శత్రువు ఏమని ఆరోపించెను? ఈ వ్యక్తి అధికారమున నుండగా నిర్ణయములను నడిపినది మతమేనా? ఈ వ్యక్తి తొలగిన తరువాత, ఆరోపించినవారు తృప్తి చెందిరా? మాదన్న విషయమున ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుదము. అంతకుముందు ఆయన అధికారమునకు వచ్చిన విధమును సంగ్రహముగ చెప్పవలెను.

1672లో అబ్దుల్లా కుతుబ్ షా మరణించినప్పుడు ఆయన అల్లుడగు అబుల్ హసన్ సింహాసన మెక్కెను. తానాషాయని తెలుగువారు పిలుచునది ఈతనినే. ఈతనికి రాజ్యము దక్కునట్లు చేసిన ప్రభువులలో సయ్యద్ ముజఫర్ ముఖ్యుడు. కొత్త రాజు పేరునకు రాజు, అధికారము సయ్యద్ ముజఫర్‌ది. మాదన్న ఆ ప్రభువు వద్ద వ్యవహారములు చూచు ఉద్యోగి. తనకు రాజ్యమిచ్చిన ప్రభువు పట్టునుండి తప్పించుకొన గోరిన రాజునకు మాదన్న సాయపడెను. ముజఫర్ అనుచరులను ఒక్కొక్కరినే తనవైపునకు త్రిప్పి, అతనిని అధికారమునుండి తొలగించెను. అనంతరము మాదన్న మీర్ జుమ్లా పదవినొంది సూర్యప్రకాశరావను బిరుదము వహించెను. అక్కన్నకును, సమీప బంధువులకును పెద్ద యుద్యోగములు లభించెను. దక్షిణమున మద్రాసు ప్రాంతమున పొదిలి లింగప్ప గోలకొండ పక్షమున అధికారము చేయుచు, అచ్చటి ఇంగ్లీషు వర్తకులకు కొఱకరాని కొయ్యయయ్యెను.

ఇందొక విశేషమును గమనింపవలెను. రాజు మాదన్నను ఎన్నుకొనుటకు కారణము ఆయన మతము కాదు. ఆయనకు సొంత సైన్యము గాని, పరదేశమునుండి వచ్చిన బలగము గాని లేకుండుటయే. గోలకొండ సుల్తానులు షియా మతస్థులు. వారి కొలువున ఇరానునుండి వచ్చిన ప్రభువులకును, దక్కనీలకును నిత్యము స్పర్ధ యుండెడిది. మఱియొక ప్రక్క, లెక్కలు, పన్నుల వ్యవహారము తెలుగు నియోగుల చేతులలో చాల కాలమునుండి యుండెను. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) తెలుగు కవులను పోషించి మల్కిభరాముడుగ కీర్తింపబడుట, అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయన కంకితమిచ్చుట సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. తరువాతి కాలమున ఫార్సీ ఫర్మానాలకు తెలుగు పాఠమును జోడించు వాడుకయు ఏర్పడెను. కావున తెలుగు బ్రాహ్మణుడు గోలకొండ కచేరిలో నుండుట వింత కాదు. అతడు కచేరి మెట్లెక్కి మంత్రి పీఠమున గూర్చుండుటయే వింత. అసూయ పుట్టినది అక్కడనే.

ఇక మొదటి ప్రశ్న. మాదన్న రంగమున లేనప్పుడు మొగలులు గోలకొండపై ఏమని ఆరోపించిరి?

1636లో షాజహాను అబ్దుల్లా కుతుబ్ షాచే లొంగుబాటు పత్రము వ్రాయించుకొనెను. ఆనాటి ఫిర్యాదు, గోలకొండ మసీదులలో షియా పద్ధతిని ఖుత్బా చదువబడుచున్నదనియు, అందు ఇరాను షా పేరు వినబడుచున్నదనియు. అప్పటినుండి నలుగురు ఖలీఫాల పేర్లును, మొగలు చక్రవర్తి పేరును చదువవలెనని నిర్ణయమయ్యెను. దానితోపాటు ఏటేట రెండు లక్షల హొన్నుల పేష్కష్ చెల్లింపవలెననియు నిర్ణయమయ్యెను. ఖుత్బా విషయము ఒక్క దినమున తీరినది. పేష్కష్ మాత్రము తరతరములకు బకాయిగ నిలిచెను.

1656లో రెండవమాఱు దండు వచ్చెను. ఈమాఱు దండు నడపినవాడు దక్కను సుబేదారుగ నున్న ఔరంగజేబు. ఆనాటి గోలకొండ మంత్రి బ్రాహ్మణుడు కాడు. ఇరానీ ముస్లిమగు మీర్ జుమ్లా ముహమ్మద్ సయీద్. అతడు కర్ణాటకమును జయించి, వజ్రపు గనులతో అపార ధనము గడించి, తన ప్రభువునే లెక్కచేయని స్థితికి వచ్చెను. అబ్దుల్లా కుతుబ్ షా ఆ మంత్రి కుమారుని బంధింపగా, అతనిని విడిపించు నెపమున ఔరంగజేబు గోలకొండపై బడెను. హైదరాబాదు దోపిడికి గుఱియయ్యెను, కోట ముట్టడింపబడెను. షాజహాను ఆజ్ఞచే సంధి కుదిరినందున రాజ్యము అప్పటికి నిలిచెను.

1685లో మూడవమాఱు. ఇప్పుడు ఔరంగజేబు చక్రవర్తి. ఖాఫీఖాను మొదలగు చరిత్రకారులు పేర్కొనిన ఆరోపణలివి: రాజ్యాధికారమును అవిశ్వాసుల చేతబెట్టుట, సయ్యదులను షేకులను పీడించుట, రాజు విలాసములందు మునుగుట, శివాజీ కుమారుడగు శంభాజీకి లక్ష హొన్నులు పంపుట. ఇందు చివరి యారోపణ మతభాషలో చెప్పబడినను, దాని లోపలిది రాజనీతియే. 1677లో శివాజీ హైదరాబాదునకు వచ్చినప్పుడు మాదన్న ఆతనితో సంధి కుదిర్చి, కర్ణాటక దండయాత్రకు ధనసాహాయ్యమును ఫిరంగులను సమకూర్చెను. మొగలులకు ఎదురుగ గోలకొండ, బిజాపురము, మరాఠా రాజ్యము ఒక్కటి గావలెనని ఆయన తలంపు. 1685లో ఔరంగజేబు బిజాపురమును ముట్టడించుచుండగా, ఆ రాజ్యమునకు నలువదివేల సైన్యమును సాయముగ పంపుదునని అబుల్ హసన్ తన ప్రతినిధికి వ్రాసిన లేఖ మొగలుల చేజిక్కెను. యువరాజు షా ఆలం గోలకొండపైకి నడచినది ఆ తరువాతనే.

ఈ మూడు ఘట్టములను వరుసగ నిలిపిచూచినచో తత్త్వము స్పష్టమగును. 1636లో దోషము షియా ఖుత్బాది. 1656లో దోషము ముస్లిం మంత్రిని పీడించుటది. 1685లో దోషము హిందూ మంత్రిని పోషించుటది. ఆరోపణ తరతరమునకు మాఱుచు వచ్చెను. పేష్కష్, వజ్రపు గనులు, కర్ణాటకము అను మూడింటిపై దృష్టి మాత్రము మాఱలేదు. మాదన్న పుట్టకున్నను నాలుగవ ఆరోపణ మఱియొకటి పుట్టియుండెడిదే.

మతశాస్త్రము దృష్ట్యా ఈ యుద్ధమునకు మొగలు శిబిరమునందే సమ్మతి లేదు. సామ్రాజ్యపు ప్రధాన ఖాజీ షేక్ ఉల్ ఇస్లాం, తోటి ముస్లిం రాజ్యములపై యుద్ధము ధర్మసమ్మతము కాదని తలచి, పదవి విడిచి మక్కాయాత్రకు పోయెను. ఆయన స్థానమునకు వచ్చిన ఖాజీ అబ్దుల్లా గోలకొండ ముట్టడి తఱి సంధి చేసికొనుడని విన్నవించి, శిబిరమునుండి పంపివేయబడెను. ధర్మాధికారులు వలదన్నను ఆగని యుద్ధమును మతయుద్ధమనుట ఎట్లు పొసగును?

రెండవ ప్రశ్న: మాదన్న అధికారమున నుండగా నిర్ణయములను నడిపినది మతమేనా?

ఆయన బంధువులకును, తన శాఖవారికిని పదవులిచ్చెనను విమర్శ నిరాధారము కాదు. ఆనాటి డచ్చి వర్తకుల వ్రాతలు ఈ విషయమును బలపఱచుచున్నవి. తీరమున చాలకాలము పనిచేసి 1693లో తన గ్రంథమును ప్రకటించిన డానియల్ హావర్ట్ ఈ సోదరుల వైభవమును, పతనమును వర్ణించెను. వారితో ఒప్పందములు, సుంకములు, బాకీలు గల వర్తకుల సాక్ష్యమగుటచే అది కొంత జాగరూకతతో చదువవలసినది. అయినను బంధుపక్షపాతము ఉండినదనుటలో సందేహములేదు. కాని ఆ కాలమున ఏ మంత్రి బంధువులను విడిచి పరులను పోషించెను? ఇరానీ ప్రభువు అధికారమున నున్నప్పుడు ఇరానీలు పెరిగిరి. నియోగి అధికారమున నున్నప్పుడు నియోగులు పెరిగిరి. ఇది మతము కన్న కుటుంబమునకు సంబంధించిన నీతి.

పైగా, ఆ నీతిలో మినహాయింపులును కలవు. గోలకొండ సర్వసేనాధిపత్యమును వహించినవాడు ముహమ్మద్ ఇబ్రహీం అను ఇరానీ ముస్లిం. మాదన్న ప్రాపున నతడు పైకి వచ్చెనని చరిత్రకారులు వ్రాసిరి. 1685లో మొగలు సైన్యము హైదరాబాదును సమీపించినప్పుడు శత్రువులతో చేరినవాడు ఇతడే. అందుకు ఫలముగ మొగలు కొలువున మహాబత్ ఖానను బిరుదమును, గొప్ప పదవిని పొందెను. ఇందుకు ప్రతిగా, 1687లో కోట కడపటి దినమున ఒంటరిగ పోరాడి ఒడలెల్ల గాయములతో పడిపోయినవాడు అబ్దుర్రజాక్ లారీ. అతడును ఇరానీ ముస్లిమే. ద్రోహమునకును, స్వామిభక్తికిని మతము హద్దుగీయలేదనుటకు ఈ యిద్దఱి చరిత్రయే సాక్ష్యము.

ఇక మన ప్రాంతమునకు చెందిన సాక్ష్యము భద్రాచల రామదాసు చరిత్ర. గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారుగ నుండి, ప్రభుత్వమునకు చేరవలసిన ధనముతో ఆలయము కట్టించెననియు, అందులకు గోలకొండ చెఱసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెననియు ఐతిహ్యము. ఈ కథ నోటినోట పెరిగినది. అందలి సంఖ్యలను చరిత్రగ గ్రహింపరాదు. కాని కథ యొక్క నిర్మాణము మాత్రము చరిత్రకారునకు విలువైనది. దాని ప్రకారము గోపన్నకు ఉద్యోగమిప్పించినది మేనమామల పలుకుబడి. ఆ మేనమామలు మంత్రులుగ నుండగనే అతడు చెఱ పాలయ్యెను. మాదన్న ప్రభుత్వము మతముచే నడుపబడినదైనచో, దేవాలయము కట్టించిన మేనల్లుడు కారాగృహమున నుండుట ఎట్లు? ఆ ప్రభుత్వమునకు ముఖ్యము పన్ను. గుడి కట్టించినందులకు గాక పన్ను చెల్లింపనందులకే గోపన్న శిక్షింపబడెను. కథ ముగింపు కూడ ఇదే చెప్పుచున్నది. భక్తుని విడిపింప వచ్చిన దేవుడు అద్భుతముచే చెఱసాల తలుపులు తెఱువలేదు. టంకములు చెల్లించి, రసీదు పుచ్చుకొని పోయెను. ఆ కాలపు జనులకు తమ ప్రభుత్వ స్వభావము బాగుగ తెలియును.

ఢిల్లీ చక్రవర్తి తానాషాను పేష్కష్ బకాయికై నిలదీసెను. తానాషా ప్రభుత్వము పరగణా అధికారులను పన్ను బకాయికై నిలదీసెను. పాల్వంచ అడవి యంచున ఆరంభమైన లెక్క దక్కను మొగలు శిబిరము వఱకు సాగు ఒకే గొలుసు. ఆ గొలుసులో మాదన్న నడిమి కడియము. రెండుప్రక్కల లాగుడును మొదట తగులునది నడిమి కడియమునకే.

మూడవ ప్రశ్నకు సమాధానము హత్యానంతర చరిత్రలో గలదు. 1685 అక్టోబరులో షా ఆలం సైన్యము హైదరాబాదును పట్టుకొని దోచెను. అబుల్ హసన్ నగరమును విడిచి గోలకొండ కోటలోనికి పోయెను. సంధి మాటలు నడచెను. పాత బకాయి పేరిట కోటికి పైబడిన రూపాయలు, ఏటేట రెండు లక్షల హొన్నులు, మాల్ఖేడు సేడము ప్రాంతములు ఈయవలెననియు, మాదన్న అక్కన్నలను తొలగింపవలెననియు షరతులు. అబుల్ హసన్ ఈ చివరి షరతును నేడు రేపనుచు వాయిదా వేయుచు వచ్చెను. తన్ను స్వతంత్రునిగ జేసిన మంత్రిని వదలుకొన్నచో తన చేతిలో నేమియు మిగులదని ఆయనకు తెలియును.

కోటలోని ప్రభువులకు ఆ యాలస్యము దుర్భరమయ్యెను. వారి జాగీరులు మొగలు సైన్యము క్రింద నలుగుచుండెను. మంత్రి పోయినచో సైన్యము వెడలునని వారు నమ్మిరి. షేక్ మిన్‌హాజు ప్రభృతులు కుట్ర పన్నిరి. అబ్దుల్లా కుతుబ్ షా విధవాపత్నులలో సరూమా, జానీ సాహిబా అనువారు అంతఃపురమునుండి ఆ కుట్రకు తోడ్పడిరి. 1686 మార్చిలో ఒకనాటి రాత్రి, రాజసన్నిధినుండి ఇంటికి మఱలుచున్న మాదన్నను, అక్కన్నను వీధిలో చంపించిరి. అంతటితో ఆగక అల్లరిమూక కోటలోని హిందువుల యిండ్లపై బడి, పెక్కుమంది బ్రాహ్మణుల ప్రాణములను, ఆస్తులను హరించెను. మాదన్న శిరస్సు మొగలులకు కానుకగ పంపబడెను.

ఈ కానుకచే లభించినదేమి? మొగలు సైన్యము తాత్కాలికముగ వెనుకకు మఱలెను. 1686 సెప్టెంబరులో బిజాపురము పడెను. అచ్చట మాదన్న లేడు. ప్రభువు సున్నీ ముస్లిం. అయినను రాజ్యము మిగులలేదు. 1687 ఆరంభమున ఔరంగజేబు స్వయముగ గోలకొండను ముట్టడించెను. సంధికి అనుకూలుడై అబుల్ హసన్‌తో రహస్యముగ ఉత్తరప్రత్యుత్తరములు జరిపెనని తన కుమారుడు షా ఆలంనే బంధించెను. ఎనిమిది మాసములు కోట నిలిచెను. ఆ సెప్టెంబరులో అబ్దుల్లా పాణీ అను సర్దారు లంచమునకు లోనై ద్వారము తెఱచెను. తానాషా దౌలతాబాదు కోటలో బందీగ తన శేషజీవితమును గడపెను. తొలగింపు మని కోరిన మంత్రి తొలగి ఏడాదిన్నర కాలమైనను రాజ్యము అపహరింపబడెను. ఇంగ్లండున ఆన్ రాణి మరణముచే పాతమతము వారికి దక్కనిది, గోలకొండలో మాదన్న మరణముచే ఆ ప్రభువులకు దక్కలేదు. రెండు చోట్లను బలి కోరినవారి కోరిక, బలి ఇచ్చినవారు తలచినదానికన్న పెద్దది.

మూడు ప్రశ్నలకును సమాధానము ఒకే దిశను చూపుచున్నది. అయినచో మతమునకు ఈ కథలో ఏ పాత్రయు లేదా? లేదనుట చరిత్రకు న్యాయము చేయుట కాదు. ఇంతవఱకు జరిగిన చర్చను ఇక్కడనే ఆపినచో ఒక చిక్కు మిగులును. రాజనీతియే సర్వమైనచో, మార్చి నెల రాత్రి ఇద్దఱు మంత్రుల హత్యతో పని ముగియవలెను. మంత్రులతో సంబంధము లేని సామాన్య బ్రాహ్మణుల యిండ్లపై మూక ఏల బడెను?

సమాధానము నాకు తోచినంతలో ఇది. జాగీరు పోయిన ప్రభువు కోపమునకు, ఆదాయము తగ్గిన సైనికుని కోపమునకు, అధికారము పోయిన అంతఃపుర స్త్రీ కోపమునకు విడివిడిగ పేర్లు కలవు. అవి ఒకదానితో నొకటి కలియవు. ఆ ప్రభువు కొఱకు ఈ సైనికుడు కత్తి పట్టడు. ఈ వేర్వేరు కోపములను ఒక్క పేరున కూర్చి, తమ స్వార్థమును ధర్మముగ తోపింపజేసినది మతము. చక్రవర్తి లేఖలలో ఆ పేరు మొదట సిద్ధమయ్యెను. గోలకొండ వీధులలో అది పనికి వచ్చెను. ఆన్ రాణి విషయమున నేరము వ్యభిచారమని కోర్టులో నిర్ణయింపవలసి వచ్చెను. విచారణ యను తంతైనను జరిగెను. మాదన్నకు ఆ తంతును అవసరము లేకపోయెను. ఆయన మతమే నేరపత్రమయ్యెను. పన్ను లెక్కలలో దోషము చూపనక్కఱలేదు, సంధిషరతు నెఱవేరినదా లేదా యని తేల్చనక్కఱలేదు. మతము కారణము కాకున్నను, విచారణ లేకుండ చంపుటకు అనుమతిపత్రము కాగలదని ఈ యుదంతము తెలుపుచున్నది. ఒకమాఱు వ్రాసిన అనుమతిపత్రము ఇద్దఱి పేర్లతో ఆగదు. ఆ రాత్రి సామాన్యుల యిండ్లు దోపిడి యగుట అందువలననే.

పరిశోధక విద్యార్థులు ఈ విషయమున ఆధారములను చదువునప్పుడు మూడు జాగ్రత్తలు పాటింపవలెను. మొదటిది, ఖాఫీఖాను గాని, మఆసిరె ఆలంగీరీ కర్త సాకీ ముస్తయిద్ ఖాను గాని గోలకొండ పతనమైన పిమ్మట, జయించినవారి పక్షమున నిలిచి వ్రాసినవారు. జయించినవాడు తన యుద్ధమునకు చెప్పు కారణము సాక్ష్యమే; కాని అది ఆతని మనస్సునకు సాక్ష్యము, ఎదుటివాని దోషమునకు కాదు. రెండవది, ఐరోపా వర్తకుల లేఖలు సమకాలికములైనను, వర్తకము పొసగినప్పుడు మెచ్చుకోలు, పొసగనప్పుడు నింద అందు కనబడును. మూడవది, రామదాసు చరిత్ర వంటి మన ఐతిహ్యములను కేవలము భక్తికథలుగ త్రోసివేయరాదు. అక్షరాల చరిత్రగ స్వీకరింపనురాదు. వాని తేదీలు నమ్మదగినవి కాకపోవచ్చును. కాని ప్రజలు ప్రభుత్వమును ఎట్లు అర్థము చేసికొనిరో తెలుపుటలో అవి దర్బారు చరిత్రల కన్న నిజాయితీ గలవి.

మాదన్నను ధర్మవీరుని చేసినవారును, రాజ్యవినాశకుని చేసినవారును తెలియకయే ఔరంగజేబు లేఖలోని పరిభాషనే అంగీకరించుచున్నారు. ఆ పరిభాషలో మాదన్న మొదట హిందువు, తరువాత మంత్రి. ఆయన తన జీవితమున చేసిన పనిని చూచినచో వరుస తారుమారగును. సుంకము వసూలు చేయించుట, సేనలకు జీతము లిప్పించుట, మరాఠాలతో సంధి, బిజాపురమునకు సాయము, బంధువులకు పదవులు, చక్రవర్తికి వాయిదాలు: ఇవి మంత్రి పనులు. వీనిలో కొన్ని దూరదృష్టి గలవి, కొన్ని స్వార్థముతో కూడినవి. మంచి చెడ్డలను ఈ పనులను బట్టి నిర్ణయించుట చరిత్రకారుని విధి. ఆయన కులమును, మతమును బట్టి నిర్ణయించుట ఆ రాత్రి గోలకొండ వీధిలో నిలిచినవారు చేసిన పని. దానిని మన తరగతి గదులలో మరల చేయుట తగదు.